తీగలేని టెలిఫోను పద్ధతుల పోటీ – మదుపు పెట్టువారి విచారణ

(మన సంఘ వార్షిక మహాసభయందు చేయబడిన యుపన్యాసము)



 మన విద్యానిధిలో కొంతభాగమును సెల్‌ఫోను కంపెనీల వాటాలయందు మదుపు పెట్టినచో బ్యాంకివడ్డీకి మించిన లాభము వచ్చునని కొందఱు యువకసోదరులు సూచించియున్నారు. వారి యుత్సాహము మెచ్చదగినదే. అయినను ఆ నిధి బీదవిద్యార్థుల యన్నము. కావున ఏ పద్ధతి గొప్పదియని యడుగుటకు ముందు, గొప్ప పద్ధతిని నమ్మినవారికెల్ల లాభము కలిగెనాయని విచారింపవలసియున్నది. జి.ఎస్.ఎం., సి.డి.ఎం.ఏ. అను రెండు పద్ధతులకు మన దేశమున జరిగిన పోటీ యిందుకు చక్కని నిదర్శనము.

ఆ రెంటి భేదమును స్థూలముగా మనవిచేసెదము. కాలువక్రింది రైతులు వంతులు వేసికొని నీరు పారించుకొందురు. జి.ఎస్.ఎం. అట్టిది. 200 కిలోహెర్ట్‌జుల తరంగమార్గమును ఎనిమిది కాలఖండములుగా విభజించి యెనమండ్రకు వంతులవారీగా నొసంగును. సి.డి.ఎం.ఏ. సరిహద్దు గ్రామపు సంతను బోలినది. అచ్చట నందఱు నొక్కమాఱే మాటలాడుచున్నను తెనుగువాని చెవికి తెనుగే పట్టును, కన్నడిగుని చెవికి కన్నడమే పట్టును. అట్లే 1.25 మెగాహెర్ట్‌జుల మార్గమున ననేకు లేకకాలమున మాటలాడుదురు. ఒక్కొక్క సంభాషణకు వేఱువేఱు సంకేతముండుటచే నొకటి మఱియొకదానితో కలిసిపోదు. ఉన్న తరంగములతోనే యెక్కువమందికి సేవ చేయవచ్చునని దీని పక్షమువారు వాదించిరి. ఆ వాదము నిరాధారము కాదు.

జి.ఎస్.ఎం. ఐరోపా దేశములవారు కలసి యేర్పఱచుకొన్న ప్రమాణము. 1991లో ఫిన్లాండున వాడుకలోనికి వచ్చెను. అమెరికాలోని క్వాల్‌కామ్ సంస్థ పెంచిన సి.డి.ఎం.ఏ. 1995లో హాంగుకాంగున వ్యాపారసేవగా నారంభమయ్యెను. అదే సంవత్సరము జూలై 31వ తేదీని జ్యోతి బసుగారు కలకత్తానుండి ఢిల్లీలోని సుఖ్‌రాంగారితో మాటలాడుటతో మన దేశమున సెల్‌ఫోను సేవ ప్రారంభమయ్యెను. అది జి.ఎస్.ఎం. పద్ధతిదే.

సి.డి.ఎం.ఏ. మన దేశమున విస్తరించుటకు దాని గుణ మొక్కటియే కారణము కాదు. 2001లో ప్రభుత్వమువారు సాధారణ టెలిఫోను లైసెన్సు గలవారికి పరిమిత ప్రదేశమున సంచార సేవ చేయుట కనుమతించిరి. ఆ ద్వారముననే యీ పద్ధతి ప్రవేశించెను. టాటా టెలిసర్వీసెస్‌వారు తొలుత నాంధ్రప్రదేశ్ సర్కిలునందే సేవ నారంభించిరి. 2002 డిసెంబరున రిలయన్స్ ఇన్ఫోకామ్ వచ్చెను. 2003లో వారు 501 రూపాయలు తొలుత కట్టినవారికి ఫోను నిచ్చుటతో సామాన్యుల చేతికిని సెల్‌ఫోను వచ్చెను. ఇది గొప్ప లోకోపకారము.

మేమును ఆ దినములలో నీ పద్ధతినే నమ్మి మా యంగడియందు సి.డి.ఎం.ఏ. ఫోనులను విరివిగా నిలువచేసితిమి. నాటి యా ఫోనులలో పెక్కింటికి సిమ్ము లేదు. నంబరు యంత్రమునందే నిక్షిప్తమై యుండెను. కంపెనీ మార్చదలచినవాడు ఫోనునే పాఱవేయవలసి వచ్చెను. జి.ఎస్.ఎం. వాడుకరి సిమ్ము మార్చిన చాలును. లోకములోని కార్ఖానాలెక్కువభాగము జి.ఎస్.ఎం. ఫోనులనే తయారుచేయుటచే నవి నానాటికి చవుకయ్యెను. మా బీరువానిండ ఫోనులు మిగిలిపోయెను. యంత్రము మంచిదే, కొనువాడు లేడు. ఆ నష్టము మాకు గురువైనది.

పెద్దసంస్థల కథయు నట్లే నడచెను. 2008–09 నడుమ రిలయన్స్, టాటా సంస్థలు రెండును జి.ఎస్.ఎం.ను చేపట్టినవి. టాటావారి సంస్థలో 26 శాతము వాటాకై జపానుదేశపు డొకోమో సుమారు 270 కోట్ల డాలర్లు మదుపు పెట్టెను. 2017లో టాటావారు తమ సెల్‌ఫోను వ్యాపారమును ఎయిర్‌టెల్ కప్పగించుట కొడంబడిరి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2019లో దివాలా విచారణకు లోనయ్యెను. డొకోమో మాత్రము పెట్టినదానిలో సగమైన తిరిగి రాబట్టుకొనగలిగెను. కనీసము సగము ధర యీయవలెనను షరతు నాదిలోనే పత్రమున వ్రాయించుకొనుటయు, దానినిబట్టి 2016లో లండను మధ్యవర్తులు తీర్పిచ్చుటయు నిందుకు కారణములు. పద్ధతి కాపాడలేని సొమ్మును పత్రము కాపాడెను.

అయినచో జి.ఎస్.ఎం.ను నమ్మినవారెల్ల బాగుపడిరా? లేదు. ఎయిర్‌సెల్ జి.ఎస్.ఎం. సంస్థయే, అయినను 2018లో దివాలా తీసెను. రిలయన్స్ ఇండస్ట్రీస్‌వారు 2010లో తరంగములు సంపాదించి, ఆఱేండ్లు వేచి, 2016 సెప్టెంబరున ఎల్.టి.ఈ. పద్ధతిలో జియోను నెలకొల్పి, కొన్ని మాసములు సేవ నుచితముగా నొసంగిరి. ధరలు కూలినప్పుడు అప్పులభారము గలవారు నిలువలేకపోయిరి.

క్వాల్‌కామ్ కథ వేఱు. అది 1999–2000 సంవత్సరములలో గోపురయంత్రముల వ్యాపారమును ఎరిక్‌సన్‌కు, ఫోనుల వ్యాపారమును క్యోసెరాకు అమ్మివేసి, చిప్పులను, పేటెంటు హక్కులను నిలుపుకొనెను. జి.ఎస్.ఎం. పక్షమువారు మూడవతరమునకై స్వీకరించిన పద్ధతియు సంకేతవిభజనపైననే యాధారపడుటచే, వారును క్వాల్‌కామ్‌కు రుసుము చెల్లించిరి. పొలము పోయినను విత్తనపు హక్కు మిగిలెను. ఆ వాటాధర 1999వ సంవత్సరమున నిరువదియైదు రెట్లకు మించి పెరిగి, తరువాత దారుణముగా పడిపోయెను. శిఖరమున కొన్నవారికి ఏండ్లతరబడి యసలును దక్కలేదు. మంచిసంస్థయైనను మితిమీఱిన ధర ప్రమాదకరమే.

కడకు రెండుపక్షములును ఎల్.టి.ఈ.లో కలిసినవి. అమెరికాలో సి.డి.ఎం.ఏ.కు పట్టుగొమ్మయైన వెరైజన్ 2022 చివరకు ఆ సేవను మూసివేసెను.

కావున ఇప్పటి అయిదవతరమైనను, రానున్న ఆఱవతరమైనను, మదుపు పెట్టువారు నాలుగు ప్రశ్న లడుగవలయును. ఈ పద్ధతికి ఫోనులు చేయు కార్ఖానాలెన్ని? సేవకు లైసెన్సు నిలుకడ గలదియా? సంస్థకు అప్పెంత, వేచియుండు శక్తి యెంత? మనము చెల్లించు ధర న్యాయమైనదియా? ఇవి తేలకుండ యంత్రపు గొప్పతనము విని సొమ్ము పెట్టుట, గుఱ్ఱపు జాతి విని పందెము కాయుటవంటిది.

మా మనవి యిది. విద్యానిధి యసలును ముట్టరాదు. స్వంతసొమ్ముతో నుత్సాహవంతులు యథేచ్ఛగా మదుపు పెట్టి, లాభము వచ్చినచో నందొక భాగమును నిధికి సమర్పింతురుగాక. నష్టము వచ్చినచో విద్యార్థి భోజనమున కంతరాయము కలుగదు. ఈ విషయమును సభవారు తీర్మానరూపమున నంగీకరింతురని ప్రార్థించుచున్నాము.