వాపసు తగాదా: అమ్మినవాడు ఏమి చేయవలె
(నారాయణరావుపేటలో సొసైటీ వార్షిక సభయందు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను వక్తను కాను. ఉర్దూ మీడియం బడిపంతులును. నేను చదివింది ఉర్దూలో, చదువు చెప్పేది ఉర్దూలో. నా తెలుగు సిద్దిపేట అంగడిలో నేర్చుకున్న తెలుగు. తప్పులు దొర్లితే మన్నించవలెనని ముందే మనవి చేసుకుంటున్నాను.

కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశము ఆన్‌లైన్ వ్యాపారములో వచ్చే వాపసు తగాదాలు. పంతులుకు వ్యాపారముతో ఏమి పని అని మీరు అడగవచ్చు. పని పడింది, మా ఇంట్లోనే పడింది. ఈ రోజు మన మొహల్లాలో డిగ్రీ చదివి నౌకరీ దొరకని పిల్లలు, ఇంట్లో కుట్టుమిషన్ తొక్కుకునే ఆడపిల్లలు ఫోన్ మీద సరుకు అమ్ముకుంటున్నారు. దుకాణానికి పగిడి కట్టనక్కర లేదు, కిరాయి లేదు. మంచిదే. కాని దుకాణములో గిరాకీ ఎదురుగా వుంటాడు, బట్టను పట్టుకొని చూస్తాడు, వెలుతురులోకి తీసుకుపోయి మరీ చూస్తాడు. ఫోన్‌లో అతను చూసేది బొమ్మ మాత్రమే. బొమ్మను నమ్మి ముందే పైకం పంపుతాడు. తగాదా అంతా అక్కడ మొదలవుతుంది.

మా చెల్లెలు కొడుకు సంగతి చెప్తాను. వాని అనుమతితోనే చెప్తున్నాను, వాడు ఇక్కడే వున్నాడు, ఎక్కడున్నాడో మాత్రం చూపించను.

వాడు చీరలు అమ్ముతాడు. సిద్దిపేట గొల్లభామ చీర అంటే మీకు నేను చెప్పనక్కర లేదు. తలమీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను నేతగాడు మగ్గం మీద వేరే నూలు పెట్టి, చేతితో పేకల మధ్యన ఎక్కిస్తాడు. ఒక్క బొమ్మకే ఎంతో ఓపిక కావలె. ఆ పని తెలిసినవారు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కకు వస్తారు. ఆ చీరకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు ఎవరుపడితే వారు ఏ బట్టకుపడితే ఆ బట్టకు పెట్టుకోరాదు. 1999 నాటి చట్టము ప్రకారము అట్లా పెట్టి అమ్మితే జైలు శిక్ష దాకా పోవచ్చు.

మావాడు ఒక టోకు వ్యాపారి దగ్గర చీరలు తెచ్చినాడు. ఆ వ్యాపారి పంపిన ఫోటోలే తన ఫోన్‌లో పెట్టినాడు. కింద "చేనేత గొల్లభామ" అని వ్రాసినాడు. ఇంకా కిందికి, పెద్ద అక్షరాలలో, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, డబ్బు తిరిగి ఇవ్వబడదు" అని వ్రాసినాడు. రాజమండ్రి వైపు నుండి ఒక తల్లి, రిటైరైన టీచరమ్మ, 2,850 రూపాయలు పంపి ఒక చీర తెప్పించుకున్నది. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "బాబూ, ఫోటోలో బొమ్మ నేసినది. నాకు వచ్చినదానిలో బొమ్మ అచ్చు వేసినది. డబ్బు పంపించెయ్యి, చీర పంపించేస్తాను" అన్నది.

మావాడు ఏమి చేసినాడు? మొదటి రెండు రోజులు జవాబే ఇవ్వలేదు. మూడో రోజు వాపసు లేదని వ్రాసి వున్నది కదా, చదువుకోలేదా అని మెసేజ్ పెట్టినాడు. ఆమె మళ్ళీ వ్రాసింది. ఈసారి వీడు కోపముతో మాటలు రికార్డు చేసి పంపినాడు. పెండ్లికి కట్టుకొని, మరక పడితే ఇప్పుడు సాకులు చెప్తున్నారన్నాడు. ఆమె ఇక ఏమీ అనలేదు. ఫిర్యాదు వేస్తానని ఒక ముక్క వ్రాసి ఊరుకున్నది. అప్పుడు వాడు నా దగ్గరకు వచ్చినాడు. "మామూ, ఆమె మోసగత్తె, ఎట్లా జవాబు చెప్పాలె?" అని అడిగినాడు.

నేను జవాబు చెప్పలేదు. "బేటా, ఆ దండులోవి ఇంకా ఏమన్నా మిగిలినయా?" అన్నాను. రెండు వున్నయన్నాడు. తెమ్మన్నాను. మా ఇంటి ముందర అరుగు మీద ఎండలో ఒకటి విప్పి, బొమ్మ దగ్గర బట్టను తిరగవేసినాను. నేసిన బొమ్మ అయితే వెనుక కూడా నూలు కనిపిస్తుంది. అచ్చు అయితే వెనుక రంగు వెలిసినట్లు పలుచగా వుంటుంది. వెనుక పలుచగానే వున్నది. నేను ఏమీ అనలేదు. వాడు రెండో చీర తానే విప్పినాడు, తానే తిరగవేసినాడు. చాలా సేపు అట్లాగే కూర్చున్నాడు.

చూడండి, వాడు దగా చేయాలని చేయలేదు. తాను కూడా తిరగవేసి చూడలేదు, అంతే. కాని గిరాకీకి ఆ తేడాతో పని లేదు. ఆమె 2,850 ఇచ్చింది నేసిన బొమ్మకు.

ఇప్పుడు చట్టము సంగతి కొంచెం చెప్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులై 20 నుండి అమలులోకి వచ్చింది. దాని వెంటనే ఆన్‌లైన్ అమ్మకాల మీద నిబంధనలు వచ్చినాయి. సరుకు లోపముతో వున్నా, నకిలీది అయినా, ప్రకటనలో చెప్పిన గుణము లేకపోయినా, చెప్పిన గడువు దాటి చేరినా, వాపసు తీసుకోను, పైకం ఇయ్యను అనే హక్కు అమ్మినవానికి లేదు. వరదలు, తుఫానుల వంటి మన చేతిలో లేని కారణము వల్ల ఆలస్యమైతే అది వేరు. కాబట్టి పెద్ద అక్షరాలతో మావాడు వ్రాసిన ఆ వాక్యము చెల్లని నాణెము. బిల్లులో గడువు వ్రాయకపోతే ముప్పై రోజులలో వాపసు ఇవ్వవలసిందే. ఇవ్వకపోతే, అసలు బిల్లే ఇవ్వకపోతే, అది అనుచిత వ్యాపారము కింద లెక్క. పెద్ద కంపెనీల వేదికల మీద అమ్మేవారికి ఇంకొక షరతు వున్నది. ఫిర్యాదు అందినదని 48 గంటలలో చెప్పవలె, నెల రోజులలో తీర్చవలె. గిరాకీ వేషములో మనమే మన సరుకును పొగుడుతూ వ్రాసుకొనుట కూడా నిషేధమే. ఈ మాట అంటుంటే వెనుక ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు. నవ్వండి, కాని మానండి.

ఇంకొకటి. ఆమె రాజమండ్రి వైపు మనిషి, ఇంత దూరము వచ్చి కేసు వేస్తుందా అని మావాడు ధీమాగా వున్నాడు. కొత్త చట్టములో కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. 1915 నంబరుకు ఫోన్ చేసినా ఫిర్యాదు వ్రాసుకుంటారు. తిరగవలసింది ఆమె కాదు, మావాడే.

మనసు మారింది, ఇంటికి పోయి చూస్తే ఈ రంగు నచ్చలేదు అనే గిరాకీ సంగతి వేరు. సరుకు మీరు చెప్పినట్లే వుంటే చట్టము మిమ్మల్ని బలవంతము చేయదు. అక్కడ మీరు ముందు వ్రాసిన షరతు పని చేస్తుంది. కంపెనీ వేదిక మీద అమ్మితే మీరు ఒప్పుకున్న కంపెనీ షరతు పని చేస్తుంది.

మన ఫిఖ్‌లో కూడా ఈ సంగతి చాలా పాతది. చూడకుండా కొన్నవానికి, చూసినంక వద్దనే హక్కు హనఫీ ఫిఖ్‌లో వున్నది, ఖియారె రూయత్ అంటారు. లోపము బయటపడితే ఖియారె ఐబ్. వెయ్యేండ్లకు ముందు వారికి ఫోన్ లేదు, కాని చూడని సరుకు వున్నది. ఇమామ్ అబూ హనీఫా సాహెబ్ స్వయముగా కూఫాలో పట్టుబట్టల వర్తకులు. లోపమున్న ఒక బట్టను ఆ లోపము చెప్పి అమ్మమని భాగస్వామికి అప్పగించినారట. భాగస్వామి మరచిపోయి చెప్పకుండానే అమ్మినాడు, కొన్నవారు ఎవరో తెలియదు. ఆ అమ్మకము మీద వచ్చిన పైకం అంతా ఇమామ్‌గారు ఖైరాత్ చేసినారని జీవితచరిత్రలలో వ్రాసినారు. మావాని అదృష్టము, వాని గిరాకీ ఫోన్ నంబరు వాని దగ్గరే వున్నది.

ఫోన్ చేయించినాను. మొదట వాడు మాట్లాడలేకపోయినాడు, నేనే తీసుకున్నాను. "అమ్మా, నేను ఈ పిల్లవాని మేనమామను, బడిపంతులును. మీరన్నది నిజము. బొమ్మ అచ్చుదే, మేము తిరగవేసి చూసినాము" అన్నాను. ఆమె కొంచెం ఆగి, "మాస్టారూ, చీరకు కాదండీ, ఆ అబ్బాయి అన్న మాటకే నాకు బాధ. నేను వాడిన చీర తిప్పి పంపేదానిలా కనపడ్డానా?" అన్నది. అప్పుడు ఫోన్ మావానికి ఇచ్చినాను. వాడు ఏమన్నాడో అది వాని మాట, నేను చెప్పను.

2,850 రూపాయలు, ఆమె తిరుగు పార్శిలుకు పెట్టే 120 రూపాయలు కలిపి, ఆమె ఏ ఖాతా నుండి పంపిందో ఆ ఖాతాకే పంపించినాము. సరుకు వచ్చినంక పంపుదామని వాడన్నాడు. మామూలుగా అయితే అదే పద్ధతి, తప్పు లేదు. ఇక్కడ తప్పు మనది, మాట కూడా మనమే జారినాము, కాబట్టి ముందు పంపమన్నాను. బ్యాంకు నంబరు, తేదీ కాగితము మీద వ్రాయించినాను. వారములో చీర వచ్చింది, మడత నలగకుండా వచ్చింది.

ఇంతవరకు విని, గిరాకీ ఎప్పుడూ నిజమే చెప్తాడని అనుకోకండి. మా గల్లీలో ఒక చెల్లెలు బుర్ఖాలు, కుర్తాలు కుట్టి ఒక కంపెనీ వేదిక మీద అమ్ముతుంది. ఆమెకు ఒక కుర్తా చిరిగి వున్నదని వాపసు వచ్చింది. పార్శిలు విప్పితే లోపల వున్నది ఆమె కుట్టినదే కాదు, ఎవరో వాడి వదిలిన పాత కుర్తా. ఆమె అరవలేదు, తిట్టలేదు. ప్రతి పార్శిలు కట్టేటప్పుడు వీడియో తీసుకునే అలవాటు ఆమెకు వున్నది. మెడ లోపల తాను వేసే ఎర్రదారం కుట్టు కూడా అందులో కనిపిస్తుంది. వాపసు పార్శిలు విప్పేటప్పుడు కూడా, మొదట చీటీ, బరువు చూపించి, అతుకు కోయకముందు నుండి తీసింది. రెండు వీడియోలు, రెండు చీటీలు కంపెనీకి గడువులోపల పంపింది. పైకం ఆమెకే వచ్చింది. మా చెల్లెలు అయిదో తరగతి వరకే చదివింది, మావాడు డిగ్రీ.

తగాదా వచ్చినంక సాక్ష్యము పుట్టించలేము. గిరాకీ ఫిర్యాదు చేస్తే ముందు అందినది అని ఒక్క మాట వ్రాయండి. ఫోటో అడగండి, ముందు భాగము, వెనుక భాగము, చీటీతో సహా. అడిగే పద్ధతిలో అనుమానము కనిపించనీయకండి. మీ దగ్గర మిగిలిన సరుకుతో పోల్చుకోండి. అప్పుడే అవునో కాదో చెప్పండి. కాదని చెప్పవలసి వస్తే కూడా మర్యాదగా, కారణముతో, వ్రాతలో చెప్పండి. కోపముతో రికార్డు చేసిన మాట రేపు ఫిర్యాదుతోపాటు పోయి కూర్చుంటుంది.

వాపసు పేరుతో అసలు దొంగలు కూడా వస్తారు, పెద్దవారు ఇది జాగ్రత్తగా వినండి. 1,000 పంపబోయి పొరపాటున 10,000 పంపినాను, 9,000 తిరిగి ఇయ్యండి అని ఏడ్చినట్లు ఫోన్ చేస్తారు. బ్యాంకు నుండి వచ్చినట్లే ఒక మెసేజ్ కూడా పంపుతారు. ఆ మెసేజ్ నమ్మకండి, మీ ఖాతా తెరిచి నిల్వ చూడండి. పైకం రావడానికి పిన్ నంబరు కొట్టవలసిన పని ఎన్నడూ లేదు. పిన్ కొట్టినామంటే మన ఖాతాలోంచి పోతున్నదని అర్థము. పోతే వెంటనే 1930కు ఫోన్ చేయవలె. ఎంత తొందరగా చేస్తే ఆ పైకం ఆగే ఆశ అంత ఎక్కువ.

మావాని కథ కొంచెం మిగిలింది. వాడు ఆ మూడు చీరలు పట్టుకొని టోకు వ్యాపారి దగ్గరకు పోయినాడు. నేను కూడా వెంట పోయినాను. ఆ సేటు మర్యాదగానే చాయ్ తాగించినాడు. "చేనేత అని నేనెప్పుడన్నాను? బిల్లు చూపించు" అన్నాడు. మావాని దగ్గర బిల్లు లేదు. ఒక తెల్లకాగితము మీద మొత్తం అంకె వ్రాసి వున్నది, దాని మీద పేరు లేదు, సరుకు వివరము లేదు. రాజమండ్రి తల్లికి వీడు ఏ జవాబు చెప్పినాడో, సేటు వీనికి అదే జవాబు చెప్పినాడు. పైగా నవ్వుతూ చెప్పినాడు. ఇద్దరము బస్సెక్కి వచ్చేసినాము. దారి పొడుగునా వాడు మాట్లాడలేదు.

ఆ నష్టము వాడే భరించినాడు, నేను ఇస్తానన్నా తీసుకోలేదు. ఇప్పుడు సరుకు తెచ్చే రోజే ప్రతి చీర తిరగవేసి చూస్తున్నాడు, ఫోటో తానే తీస్తున్నాడు, ముందుది ఒకటి, వెనుకది ఒకటి. పేరు, సరుకు వివరము వ్రాసిన బిల్లు లేనిదే కొనడం లేదు. అందుకని ఇద్దరు ముగ్గురు సేట్లు వానికి సరుకు ఇయ్యడమే మానినారు, ఆమ్దానీ కూడా తగ్గింది. ఆ మూడు చీరలలో ఒకటి మా చెల్లెలు కట్టుకున్నది. మిగతా రెండు అచ్చు గొల్లభామ, మరమగ్గము బట్ట, 600 రూపాయలు అని వ్రాసి పెట్టినాడు. నిన్నటి వరకు ఎవరూ అడగలేదు.