బండి బురదలో దిగితే: దగ్గర ఉండవలసిన సామాను, తీసుకోవలసిన జాగ్రత్తలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా రావులపాలెంలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని ఈ రోజు మనకు పండుగ అయింది. ఏటా ఈ వేదిక మీద డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు ఇంటికి పనికొచ్చే విషయం ఒకటి చెప్పండి" అన్నారు. కారణం ఉంది. పోయిన సంక్రాంతికి మన సభ్యులొకరి మనవడు హైదరాబాదు నుంచి కొత్త జీపు లాంటి బండి తెచ్చి, స్నేహితులతో లంకలోకి తోలుకెళ్లాడు. నాలుగు చక్రాలూ లాగే బండి అన్న ధీమాతో ఒండ్రులో దిగిపోయాడు. రాత్రి ఎనిమిదింటి దాకా బయటకు రాలేదు. మళ్లీ నెల రోజుల్లో సంక్రాంతి. పిల్లలు వస్తారు, ప్రభల తీర్థానికి వెళతారు, అంతర్వేది ఇసుకలోకి దిగుతారు. మనం వద్దంటే వినే వయసు కాదు వాళ్లది. కనీసం బండిలో ఏం ఉండాలో చెబుదాం.

నేను డ్రైవరును కాను, మెకానిక్కును అసలే కాను. ఆఫీసు పేరు చెప్పను గాని, అక్కడ చాలా ఏళ్లు వాహనాల సీటు చూసిన గుమస్తాను. లాగ్ బుక్కులు, ఇండెంట్లు, కొటేషన్లు నా పని. వరదలప్పుడు, తుఫానులప్పుడు జీపు వెనక సీట్లో కూర్చుని తిరిగాను. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

1986 ఆగస్టు వరద మీ అందరికీ జ్ఞాపకమే. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నీరు తీసిన తరువాత నష్టాల లెక్కలు రాయడానికి ఒక లంకకు వెళ్లాం. పైకి ఆరినట్టు కనిపించిన ఒండ్రు కింద మెత్తగా ఉంది. జీపు దిగింది. మా డ్రైవరు యాక్సిలేటరు తొక్కిన కొద్దీ చక్రాలు గుంట తవ్వుకుంటూ ఇరుసు దాకా వెళ్లిపోయాయి. అప్పుడొక పెద్ద రైతు పార భుజాన వేసుకుని, జత ఎడ్లను తోలుకుని వచ్చాడు.

"ఇంజను ఆపించండి బాబూ. ముందు బురద తియ్యాల. అలాగే లాగేత్తే ఇరుసు ఇరిగిపోద్ది" అన్నాడు.

అరగంట సేపు చక్రాల ముందు ఏటవాలుగా తవ్వాడు, నీరు పోయేందుకు చిన్న బోదె తీశాడు. మాలో ఒకాయన పక్క తోటలోంచి అరటి బొంతలు తెస్తే నవ్వి, "అయ్యి జారిపోతాయండీ" అని కొబ్బరి మట్టలు పరిపించాడు. తరువాత ఎడ్లు కట్టాడు. ఒక్క కుదుపు లేదు. మెల్లగా, ఒకే లాగుడు. బండి బయటకొచ్చింది.

ఆ రైతు చెప్పిందే సైన్యాల వాహన పుస్తకాల్లో లెక్కగా రాసి ఉంటుందని తరువాత తెలుసుకున్నాను. చక్రాలు మునిగితే లాగడానికి సుమారు బండి బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల దాకా దిగితే బరువుకు రెండింతలు. బాడీ కూడా కూరుకుపోతే మూడింతలు. రెండు టన్నుల బండి మడ్‌గార్డుల దాకా దిగిందంటే తాడు మీద 4 టన్నుల భారం పడుతుందన్నమాట. పారతో అరగంట తవ్వి ఆ బురద తీసేస్తే అది 2 టన్నులకు తగ్గవచ్చు. అందుకే నా జాబితాలో మొదటిది పార.

ఇక వరుసగా చెబుతాను. రాసుకునేవారు రాసుకోవచ్చు.

ఒకటి, పొట్టి కర్ర ఉన్న గట్టి పార. బండి కింద పొడుగు కర్ర ఆడదు.

రెండు, గాలి కొలిచే మీటరు, బ్యాటరీతో నడిచే గాలి పంపు. ఇసుకలో దిగితే 30 పౌండ్లున్న గాలిని 18 పౌండ్లకు తగ్గిస్తే టైరు పరుచుకుని పట్టు దొరుకుతుంది. చాలాసార్లు తాడు అవసరమే రాదు. మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి ఊడివస్తుంది. తారు రోడ్డెక్కే ముందు తప్పక మళ్లీ గాలి నింపుకోవాలి, అందుకే పంపు.

మూడు, చక్రాల కింద వేసే పళ్ల పలకలు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయి. అవి లేకపోతే రెండు గట్టి చెక్క బల్లలు, నాలుగు గోనె సంచులు. చెక్క బల్ల జాకీ కింద పెట్టడానికీ పనికొస్తుంది. బురదలో ఒట్టి జాకీ పెడితే బండి లేవదు, జాకీయే దిగుతుంది. పలకల మీద నుంచి బండి వచ్చేటప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు. చక్రం పలకను విసిరేస్తుంది.

నాలుగు, లాగే పట్టీ. ఇక్కడే మనవాళ్లు పొరపడతారు. పట్టీలు రెండు రకాలు. పాలియెస్టరు పట్టీ దాదాపు సాగదు. ట్రాక్టరుతో మెల్లగా లాగడానికి అది. నైలాన్ పట్టీ సుమారు అయిదో వంతు సాగి, రబ్బరులా వెనక్కి లాగుతుంది. ఒక బండితో ఇంకొక బండిని ఊపుగా లాగడానికి అది. సాగని పట్టీనిగాని, ఇనుప గొలుసునుగాని కుదుపుతో లాగితే ఏదో ఒకటి తెగుతుంది. నైలాన్ పట్టీ తెగే బలం రెండు బండ్లలో తేలిక బండి బరువుకు రెండు, మూడు రెట్ల మధ్య ఉండాలి. మనుషులూ సామానుతో 2.5 టన్నులైతే 5 నుంచి 7.5 టన్నుల పట్టీ. మరీ బలమైనది కొంటే సాగదు, అదీ పనికిరాదు.

అయిదు, పట్టీని బండికి తగిలించే ఇనుప కడియాలు, షాకిల్ అంటారు. ముప్పావు అంగుళం మంచి కడియం మీద 4.75 టన్నులు అని అచ్చు పోసి ఉంటుంది. అంకె లేని కడియం కొనవద్దు. రెండు పట్టీలు కలపడానికి మధ్యలో కడియం వాడవద్దు. తెగినప్పుడు అది ఫిరంగి గుండే. ఒక పట్టీ కొసను ఇంకొక దానిలోంచి దూర్చి, ముడి బిగిసిపోకుండా మధ్యలో చుట్టిన పత్రిక ఒకటి పెట్టాలి. మన సంఘ పత్రిక పాత సంచికలు అలాగైనా ఉపయోగపడతాయి!

ఆరు, తోలు చేతి తొడుగులు, టార్చిలైటు, మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె.

వించి అనే తాడు చుట్టే యంత్రం గురించి పిల్లలు అడుగుతారు. ఒంటరిగా అడవుల్లో తిరిగేవారికి అవసరమే. మన కోనసీమలో కేకేస్తే ట్రాక్టరు వస్తుంది. ముందు పై ఆరూ కొన్న తరువాత దాని మాట.

ఇప్పుడు అసలు విషయం. ఇన్నాళ్లూ ఈ సంగతి నేను ఏ సభలోనూ చెప్పలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను. మన జిల్లాలో ఎన్ని ప్రాణాలు పోయాయో, ఎన్ని కొబ్బరి చెట్లు పడిపోయాయో మీకు నేను చెప్పనక్కరలేదు. కొన్ని రోజుల తరువాత బ్లీచింగ్ పౌడరు బస్తాలతో ఒక గ్రామానికి వెళుతూ మా జీపు కాలువ గట్టు మీద నుంచి పక్కకు జారి దిగిపోయింది. ఊళ్లోంచి ట్రాక్టరు తెచ్చారు. ఆఫీసు గొలుసు, కొక్కెం తీసి బంపరుకు తగిలించారు. బస్తాలు దింపలేదు, బురద తియ్యలేదు. అందరికీ తొందర. ట్రాక్టరు గొలుసును వదులుగా ఉంచి ఒక్కసారి ముందుకు ఉరికింది. కొక్కెం విరిగి గొలుసు వెనక్కి వచ్చింది. పక్కనే నిలబడ్డ మా అటెండరు మోకాలికి తగిలింది. ఆపరేషన్ చేశారు. ఆయన రిటైరయ్యే దాకా కుంటుతూనే ఫైళ్లు మోశాడు.

విచారణ జరిగింది. ఫైలులో తప్పు లేదని తేలింది. నిజమే, లేదు. ఆ ఫైలు రాసింది నేనే గనుక నాకు తెలుసు. మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకాయన కొక్కెం మీద ఎన్ని టన్నులు మోస్తుందో అచ్చు ఉందని రాశాడు, ధర కొంచెం ఎక్కువ. అందరికన్నా తక్కువ వేసిన వారి దానిలో అంకె లేదు. నేను తులనాత్మక పట్టిక గీసి, "తక్కువ ధర గనుక ఆమోదించవచ్చును" అని రాశాను. అధికారి సంతకం పెట్టారు. ఆడిటు అభ్యంతరం రాలేదు. కాని ఇండెంటులో నేను రాసింది "జీపు లాగుటకు గొలుసు, కొక్కెము - 1" అని మాత్రమే. ఇన్ని టన్నులు మోయవలెను అని ఇంకొక వాక్యం చేర్చి ఉంటే ఆ తక్కువ ధర కొటేషను దానంతటదే పడిపోయేది. ఆ వాక్యం రాయడానికి నాకు పట్టేది అర నిమిషం.

అందుచేత మీ పిల్లలకు చెప్పండి. దుకాణానికి వెళ్లే ముందు కాగితం మీద మూడు సంగతులు రాసుకోవాలి. మొదటిది, బండి బరువు. ఆర్.సి.లో ఖాళీ బరువు ఉంటుంది, దానికి మనుషులనూ సామానునూ కలుపుకోవాలి. రెండవది, చాసిస్‌కు గట్టిగా బిగించిన లాగుడు కొక్కేలు ముందూ వెనకా ఎక్కడున్నాయి? బంపరు దానికి పనికిరాదు. ట్రెయిలరు తగిలించే గుండు అసలే పనికిరాదు, అది ఊడి ఎగిరి మనుషులను చంపిన సందర్భాలు ఉన్నాయి. మూడవది, కొనే ప్రతి వస్తువు మీదా ఎన్ని టన్నులో అంకె ఉందా? ఈ మూడూ చూశాకే ధర అడగాలి.

లాగేటప్పుడు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో అందరూ నిలబడాలి. 10 గజాల తాడైతే 15 గజాలు. బిగిసిన తాడును దాటకూడదు. తాడు మధ్య తడిపిన గోనె సంచి బరువుగా వేస్తే, తెగినా ఎగరకుండా కొంత అణుగుతుంది. సైగ చేసే మనిషి ఒక్కడే ఉండాలి. మన ఊళ్లో బండి దిగితే ఇరవై మంది చేరి ఇరవై సలహాలు ఇస్తారు. పెద్దవాళ్లుగా మనం చేయగలిగింది ఆ ఇరవై మందిని దూరంగా జరపడం. దానికి మోకాళ్ల బలం అక్కర్లేదు, గొంతు చాలు.

ఈ ప్రసంగానికి ముందు మా అటెండరు గారింటికి వెళ్లాను. ఆయనా మన పెన్షనరే. కొటేషన్ల సంగతి ఇన్నేళ్లకు మొదటిసారి ఆయనకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరేం చేత్తారండీ, రూలు అలా ఉంది. నేనూ దగ్గరగా నిలబడ్డాను" అన్నాడు. సభలో చెప్పనా అని అడిగాను.

"చెప్పండి సార్. మా మనవడు ట్రాక్టరు తోల్తన్నాడండీ. ఆడికీ చెప్పండి" అన్నాడు.

ఆ కుర్రవాడు ఈ సభకు వచ్చాడు, వెనక వరుసలో కూర్చున్నాడు. బాబూ, బండి లాగడానికి ఎవరు పిలిచినా ముందు పార అడుగు. తరువాత మనుషులను జరుపు. ఆ తరువాతే గేరు వెయ్యి.