తూకానికి భాష లేదు, మాటకు ఉన్నది
(సూరత్‌లోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తపతీ తీరాన ఉన్న ఈ సూరత్ నగరానికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం. చేతిమగ్గం మీద ఆరితేరిన వారు ఇక్కడ మరమగ్గాల వద్ద పనికి కుదిరారు. లింబాయత్, ఉధనా వీధులలో తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. నగర పాలక వ్యవస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా భాషలతో పాటు తెలుగులో కూడా ప్రాథమిక పాఠశాలలను నడుపుతూ వచ్చింది. ఇది ముదావహమైన విషయం. అయితే బడికి వెళ్ళే వయసు రాకముందే బిడ్డ భవిష్యత్తుకు పునాది పడిపోతుంది. రెండేళ్ళు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దల మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతానికి చేరుతుంది. ఆ తొలి సంవత్సరాలను గురించి పరిశోధకులు కనుగొన్న కొన్ని సంగతులను మీకు మనవి చేయదలచాను.

మన హైదరాబాదుతోనే ప్రారంభిస్తాను. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చినదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఒకప్పుడు పేదదేశాల పిల్లలు కృశించడానికి మాంసకృత్తుల కొరతే ముఖ్య కారణమని ప్రపంచమంతటా భావించేవారు. డాక్టర్ సి. గోపాలన్, వారి సహచరులు పేద ఇండ్లలోని పిల్లలు ఏమి తింటున్నారో, ఎంత తింటున్నారో తూచి చూశారు. వాడుకలో ఉన్న తిండినే బిడ్డ తృప్తిగా తినగలిగితే మాంసకృత్తులు చాలావరకు సమకూరుతాయనీ, ప్రధానమైన లోటు ఆహార పరిమాణంలోనే ఉన్నదనీ వారు తేల్చారు. ఖరీదైన డబ్బాల కొరకు అప్పు చేయనక్కరలేదని దీని తాత్పర్యం. వేయించిన గోధుమలు, శనగపప్పు, వేరుశనగ, బెల్లం కలిపి ఆ సంస్థవారు రూపొందించిన మిశ్రమం 'హైదరాబాద్ మిక్స్' అనే పేరుతో వైద్య గ్రంథాలకెక్కింది. బిడ్డ పొట్ట చిన్నది గనుక రోజుకు నాలుగైదు మార్లు పెట్టాలి. ఉదయం షిఫ్టుకు పోయేముందు ఒకసారి, రాత్రి వచ్చాక ఒకసారి పెట్టితే చాలదు.

ఈ శ్రద్ధకు ఫలితం ఉంటుందా అని మీరు అడగవచ్చు. 1987–90 మధ్య హైదరాబాదు సమీపాన 15 గ్రామాలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అదనపు ఆహారం అందించారు. పోల్చి చూడడానికి మరి 14 గ్రామాలను తీసుకొన్నారు. ఆ కాలంలో పుట్టిన పిల్లలు 13–18 ఏళ్ళవారైన తరువాత పరిశోధకులు మళ్ళీ వెళ్ళి పరీక్షించారు. అదనపు ఆహారం అందిన గ్రామాలవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. మధుమేహానికి, గుండెజబ్బుకు దారితీసే కొన్ని సూచనలు కూడా వారిలో తక్కువగా కనిపించాయి. పసితనంలో పెట్టిన ముద్ద యౌవనంలో లెక్కకు వచ్చిందన్నమాట.

అయితే తిండి ఒక్కటే చాలదు. విరేచనాలు పట్టిన బిడ్డకు తిన్నది ఒంటబట్టదు. చిక్కిన బిడ్డకు రోగం త్వరగా సోకుతుంది. ఈ విషవలయాన్ని శాస్త్రజ్ఞులు ఎన్నడో వివరించారు. 1994లో ఈ నగరాన్ని ప్లేగు భయం కుదిపివేసినప్పుడు, మురుగుకూ మనిషి ప్రాణానికీ గల సంబంధం దేశమంతటికీ తెలిసివచ్చింది. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమీషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో ఈ నగరం పారిశుద్ధ్యంలో ఇతర నగరాలకు ఆదర్శమైంది. నగరం చేసిన ఆ పనిని మన గది ముందు, మన నీళ్ళ బిందె వద్ద మనమూ కొనసాగించాలి.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరంభమైంది. దాని అంగన్‌వాడీలలో బిడ్డను తూచి, ఆ బరువును పట్టికలో గుర్తిస్తారు. ఆ పట్టిక వెనుక గొప్ప సత్యం ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారతదేశం, నార్వే, ఒమన్, అమెరికా దేశాల పిల్లలను పరిశీలించి 2006లో ఫలితాలను ప్రకటించింది. తల్లిపాలు, మంచి ఆహారం, ఆరోగ్యకరమైన పరిసరాలు లభిస్తే ఐదేళ్ళలోపు పిల్లలు ఏ దేశంవారైనా దాదాపు ఒకే తీరున ఎదుగుతారు. తెలుగు బిడ్డకొక తక్కెడ, గుజరాతీ బిడ్డకొక తక్కెడ లేదు.

తూకానికి భాష లేదు. కాని మాటకు ఉన్నది. ఇంట్లో తెలుగు మాత్రమే విన్న మూడేళ్ళ పాపను గుజరాతీలో "ఇది ఏమిటి?" అని అడిగితే ఆమె మౌనంగా నిలుచుంటుంది. ఆ మౌనాన్ని తెలివిమాంద్యంగా భావిస్తే పాపకు అన్యాయం జరిగినట్లే. అదే ప్రశ్న తెలుగులో అడగండి, ఆమె గలగల మాట్లాడుతుంది. నేర్చుకొనడానికి మాతృభాషే ఉత్తమ సాధనమని 1953లోనే యునెస్కో నివేదిక చెప్పింది. మన 2020 జాతీయ విద్యా విధానమూ దానినే సమర్థించింది. ఈ గుజరాతు గడ్డ మీదనే, భావనగర్‌లో, 1920లో గిజుభాయి బధేకా బాలమందిరం స్థాపించి, పసిపిల్లలకు బెత్తం బదులు కథను చేతికిచ్చారు. వారితో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ తరువాత మహారాష్ట్రలోని బోర్డీలో పేదపిల్లల ముంగిటికే బడిని తీసికొనిపోయారు.

కనుక తల్లిదండ్రులకు నా విజ్ఞప్తులు నాలుగు. నెలకొకసారి బిడ్డను తూయించండి. సొంత ఊరికి పోయేటప్పుడు టీకాల కార్డును వెంట తీసికొని వెళ్ళండి. అక్కడి బాలామృతమైనా, ఇక్కడి బాలశక్తి అయినా బిడ్డకు దక్కవలసినదే. పేరు మారితే పోషణ ఆగిపోరాదు. చంటిబిడ్డను ఎనిమిదేళ్ళ అక్కకు అప్పగించి, ఆ అక్క చదువును పోగొట్టకండి. పన్నెండు గంటల షిఫ్టు తరువాత ఎంత అలసి ఉన్నా, ఒక్క కథ తెలుగులో చెప్పండి. పక్కింటి గుజరాతీ అమ్మతో ఆడుకొంటూ బిడ్డ ఆ భాషనూ నేర్చుకొంటుంది.

అంగన్‌వాడీ సోదరీమణులకు నా కోరిక ఒక్కటే: పది తెలుగు మాటలు నేర్చుకోండి. పడుగు ఒకచోటిదీ పేక మరొకచోటిదీ అయినా బట్ట ఒక్కటేనని నేతవారికి నేను చెప్పనవసరం లేదు.