రాష్ట్రపతి దర్శనమునకు వ్రాయు లేఖ





2022 జూలై 25వ తేదీన శ్రీమతి ద్రౌపది ముర్ముగారు రాష్ట్రపతిపదవిని స్వీకరించిరి. గిరిజనకుటుంబమున జనించినవారు ఆ పీఠము నధిష్ఠించుట అదియే ప్రథమము. ఆ వార్త మన ఉప్పల్, నాచారము శాఖలవారికి మిక్కిలి యుత్సాహము కలిగించెను. శీతకాలమున రాష్ట్రపతులు బొల్లారమునందలి రాష్ట్రపతి నిలయమున విడియుట వాడుక. అది మన వాడలకు దూరమైనది కాదు. కావున దర్శనము గోరి లేఖ వ్రాయవలెనని రెండు శాఖలును తలంచినవి. తలంపు మంచిదే, కాని విడివిడిగా వ్రాసినవి. ఉప్పల్‌వారి లేఖలో పదునాలుగు కోరికలు; నాచారమువారి లేఖలో పండ్రెండు. ప్రతినిధులుగా వీరేడుగురు, వారేడుగురు. ఒక్క పేరైనను కలియలేదు. కార్యవర్గమున మేమా రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివి సిగ్గుపడితిమి. ఏ లేఖయు టపాలో వేయలేదు.

మనకు నిజముగా నొప్పి కలిగించుచున్న విషయమేది? మన కులనామమును పెద్దలు రెండు మూడు విధముల వ్రాయుచు వచ్చిరి. జాబితాలో నొక రూపము, బడి రికార్డులో మఱియొక రూపము. ఈ భేదమువలన మన బాలిక యొకతె సకాలమున ధ్రువపత్రము చేతికి రాక కళాశాలలో సీటు పోగొట్టుకొన్నది. ఈ విషయము రెండు లేఖలలోను కలదు. అయితే ఒకదానిలో తొమ్మిదవ యంశము, రెండవదానిలో పదునొకండవది! సన్మానములు, భవనస్థలములు ముందు. బిడ్డ చదువు వెనుక.

పూర్వము ఈ నగరమున ప్రభువుల దర్శనమునకు నజరానా చెల్లించుట మర్యాద. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారి దర్బారులో సైత మది సాగినది. ప్రభువు తలంచినచో అర్జీపై నొక్క వ్రాతతో పని యగుచుండెను. ఆ కాలము గడచినది. నేడు నజరానా లేదు. ఒక్క వ్రాతతో పని యగుటయు లేదు. రాజ్యాంగము 74వ అధికరణము ననుసరించి రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపై వ్యవహరింతురు. 2018లో చేరిన 342ఏ అధికరణము ప్రకారము వెనుకబడిన తరగతుల కేంద్రజాబితాను రాష్ట్రపతి ప్రకటింతురు. పిదప దానిలో మార్పు చేయునది పార్లమెంటు. రాష్ట్రజాబితా సంగతి రాష్ట్రమునదేయని 2021నాటి 105వ సవరణ స్పష్టపఱచినది. కావున దర్శనము లభించినను, అక్కడనే మన పేరు సరిదిద్దబడునని యాశించుట పొరపాటు.

అట్లయిన దర్శనము వ్యర్థమా? కాదు. దేశాధినేతయెదుట నిలిచి మన కష్టమును మన నోట చెప్పుకొనుట గౌరవము. ఆ కార్యాలయమునకు చేరిన విన్నపములను సంబంధిత శాఖలకు పంపుట కలదు. కాని పరిష్కారమునకు పోవలసిన ద్వారములు వేఱు: ముందు తహసీలుదారు, పిమ్మట రాష్ట్ర బీసీ కమీషను, ప్రభుత్వము, కేంద్రజాబితాకై కేంద్ర సామాజిక న్యాయశాఖ, జాతీయ కమీషను.

కావున మా మనవి యిది. రెండు శాఖలకు నొకటే లేఖ యుండవలెను. లేఖలో నొకటే విషయము, ఒక్క పుటకు మించరాదు. బడి రికార్డుల నకళ్లు, పాత దస్తావేజుల నకళ్లు వెంట నుండవలెను. ప్రతినిధులలో మొదటి పేరు కార్యదర్శిది గాదు, అధ్యక్షునిది గాదు. సీటు పోగొట్టుకొన్న ఆ బాలికది. ఆమె సమ్మతించినచో ఆమెయే మాటలాడవలెను. మేము వెనుక నిలుతుము.

2023 మార్చి నుండి రాష్ట్రపతి నిలయమును సామాన్యజనులు సైతము సందర్శింపవచ్చును. తోట చూచి వచ్చుటకు లేఖ యక్కఱలేదు. లేఖ వ్రాయుదుమేని, అది బిడ్డలకొఱకు వ్రాయుదుము. ఈ తీర్మానమును సభవారు ఏకగ్రీవముగా నామోదింతురని నమ్ముచు సెలవు గైకొనుచున్నాము.