కుర్చీ కింద రెండు పేర్లు

(విదురాశ్వత్థంలో మన సంఘం కుటుంబాలు కలుసుకున్న ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇక్కడికి నాలుగైదు మైళ్ళ దూరంలోని పల్లెలో పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరిగి, పొట్ట చేతపట్టుకుని బెంగళూరు చేరినవాణ్ణి. గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలవారు మీలో చాలామంది ఉన్నారు. మీకు నా భాష కొత్త కాదు, నా కథా కొత్త కాదు.

ఈ ఉదయం మనమంతా అశ్వత్థ నారాయణుణ్ణి దర్శించినాము. విదురుడు నాటినదని పెద్దలు చెప్పే ఆ మహావృక్షం 2001లో కూలిపోయింది. దాని చుట్టూ ప్రతిష్ఠించిన నాగశిలలు మాత్రం వేలకొద్దీ నిలిచి ఉన్నాయి. సంతానం కోరి ఒకరు, మొక్కు తీర్చుకుంటూ ఒకరు ప్రతిష్ఠించినవి. ప్రతి రాయి వెనుకా ఒక కుటుంబం ఉన్నది. ప్రతి రాయి వెనుకా ఉలి పట్టిన చెయ్యి కూడా ఉన్నది. కుటుంబానికి తన రాయి ఏదో తెలుసు. చెక్కిన చెయ్యి ఎవరిదో మనం అడగలేదు.

అక్కడినుండి స్మారకం దగ్గరికి పోయినాము. 1938 ఏప్రిల్ 25న జాతీయ పతాకం కోసం ఇక్కడ చేరిన ప్రజలమీద పోలీసులు కాల్పులు జరిపినారు. ఆనాటి పతాకం నడుమ ఉన్న గుర్తు ఏమిటి? రాట్నం. చేతిపనిని జెండా మీద పెట్టుకున్న దేశం మనది. ఇంట్లో దానికి ఏ స్థానం ఇచ్చినాము అన్నదే ఈనాటి నా ప్రశ్న.

మా అమ్మాయి ఇంజనీరింగు చదివింది. మంచి కంపెనీలో మూడేండ్లు పని చేసింది. ఒకనాడు వచ్చి, "నాన్నా, ఉద్యోగం మానేసినాను. కుర్చీలు, బల్లలు చేయడం నేర్చుకుంటాను" అన్నది. నాకు నోట మాట రాలేదు. వచ్చిన తరువాత మంచి మాట రాలేదు. "వడ్రంగం చేయడానికా నిన్ను ఇంజనీరును చేసింది? పెండ్లి సంబంధాలవారికి ఏమని చెప్పాలి?" అన్నాను. ఆరు నెలలు మా ఇద్దరికీ సరిగా మాటలు లేవు. మీలో కొందరు నవ్వుతున్నారు. మీ ఇండ్లలోనూ ఇట్లాంటి పిల్లలు ఉన్నారని నాకు తెలుసు.

ఇట్లాంటివారిని స్వతంత్ర డిజైనర్లు అంటున్నారు. ఎవరికిందా ఉద్యోగం చేయరు. తామే వస్తువును ఊహించి, బొమ్మ గీసి, పనివారితో కలిసి కొద్దికొద్దిగా చేయించి అమ్ముతారు. బెంగళూరులో సందీప్ సంగారు వెదురు బద్దలను త్రిభుజాలుగా కూర్చి కుర్చీలు, బల్లలు రూపొందించినారు. వెదురంటే తడికలు, బుట్టలు అనుకునే మనకు అది కొత్త చూపు.

మా అమ్మాయి ఊరి చివర ఒక షెడ్డులో పని చేసే ఆచారిగారి దగ్గర చేరింది. చిత్రిక పట్టడం, మేకు లేకుండా కొయ్యలో కొయ్య కూర్చడం, నరం చూసి కోయడం అక్కడ నేర్చుకున్నది. తన మొదటి కుర్చీ బొమ్మ గీసి చూపించింది. అందమైన బొమ్మ. కూర్చునే చోటు బాగా కిందికి ఉన్నది, చేతులు లేవు. ఆచారిగారు చాలాసేపు చూసి, "బాగుంది పాపా. కూర్చున్నవాడు మళ్ళీ లేవాలి గదా" అన్నారట. ఆ మాటతో కుర్చీ నాలుగంగుళాలు పెరిగింది, చేతులు మొలిచినాయి. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో నేనే అందులో కూర్చుంటున్నాను, లేస్తున్నాను కూడా.

1958లో భారత ప్రభుత్వం ఆహ్వానంపై చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు మన దేశం తిరిగి ఒక నివేదిక ఇచ్చినారు. దాని ఫలితంగానే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. వారు తాము చూసినవాటిలో ఎంతో అందమైన వస్తువుగా చెప్పినది ఏది అనుకుంటున్నారు? మన చెంబు! నీళ్ళు ఎన్ని పట్టాలి, నడుముమీద పెట్టుకుంటే ఎట్లా ఒదగాలి, వంచితే ఎట్లా పారాలి, దాన్ని తోమడం ఎట్లా - ఇవన్నీ ఏ ఒక్కరో కూర్చుని తేల్చినవి కావు, తరతరాల చేతులు తేల్చినవి. ఆచారిగారి మాట కూడా ఆ తరాలనుండి వచ్చినదే. డిజైనరు కొత్త అవసరాన్ని చూస్తాడు. పనివాడు పాత అనుభవాన్ని తెస్తాడు. ఒకరు లేనిదే ఇంకొకరు కుంటివారే.

ఇక నా తప్పు చెప్పుకుంటాను. పల్లెలో ఇల్లు అమ్మినప్పుడు మా తాతనాటి ఉయ్యాలబల్లను పాతసామానువానికి తూకానికి ఇచ్చినాను. ఫ్లాటులో ఎక్కడ వేలాడదీస్తాము అనుకున్నాను. కొన్నేండ్ల తరువాత నగరంలో ఒక దుకాణంలో అట్లాంటి బల్ల ధర చూసి గుండె గుభేలుమన్నది. నా ఒక్కడి తెలివే ఇట్లా తెల్లారలేదు. చండీగఢ్ కార్యాలయాలకోసం 1950లలో పియర్ జన్నెరే రూపొందించిన టేకు, పేము కుర్చీలను తరువాతి కాలంలో పాతసామాను కింద వదిలించుకున్నారు. విదేశాల వేలంపాటల్లో అవి లక్షల ధర పలికినాయి. జన్నెరే పేరు లోకమంతా తెలుసు. ఆ టేకు కోసినవారు, పేము అల్లినవారు ఎవరో ఎవరికి తెలుసు?

మన పొరుగునే చూడండి. చన్నపట్నం బొమ్మలకు వాడే కొయ్యను కన్నడంలో ఆలె మర అంటారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అదే కొయ్యను అంకుడు అంటారు. చెట్టు ఒక్కటే, లక్క పనీ ఒక్కటే. ఏటికొప్పాకలో సి. వి. రాజుగారు రసాయనపు రంగులకు బదులు ఆకులు, గింజలు, వేళ్ళనుండి తీసిన రంగులను లక్కలో కలిపే పద్ధతిని నిలబెట్టినారు. పిల్లవాడు బొమ్మను నోట పెట్టుకున్నా తల్లికి భయం లేదు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేక తోలును శుభ్రపరచి, వెలుతురు దూరేటంత పలుచన చేసి, రంధ్రాలు పొడిచి, రంగులు అద్ది తోలుబొమ్మలు చేస్తారు. రాత్రంతా ఆట చూసే జనం తగ్గినాక, ఆ తోలుతోనే దీపాలకు గొడుగులు చేసినారు. రాముడు తెరమీదనుండి దిగి మన గదిలో దీపం పట్టినాడు! ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు.

బిరుదులు సంతోషమే. కాని కడుపు నిండేది కొనుగోలుతో. ఆచారిగారిని ఒకసారి అడిగినాను, "మీ అబ్బాయికి ఈ పని నేర్పలేదేమి?" అని. "నేర్పలేదు సామీ. ఈ పని చేసేవానికి పిల్లనిచ్చేవాళ్ళు లేరు. వాడు కారు తోలుతున్నాడు" అన్నారు. నా కూతురికి సంబంధాలు రావని నేను భయపడినాను. ఆయన కొడుకు విషయంలో అదే భయపడినారు. ఆ భయాన్ని పుట్టించినది మనలాంటివారమే గదా! ఆ మాట విన్నరోజే ఇంటికి పోయి అమ్మాయితో మాట కలిపినాను.

అయినా బుద్ధి పూర్తిగా రాలేదు. కుర్చీ ధర విని, "ఇంతనా? ఎవరు కొంటారు?" అన్నాను. మా అమ్మాయి కోపగించలేదు. "ఆరు రోజులు, ఇద్దరి పని నాన్నా. ఉద్యోగంలో ఉన్నప్పుడు మీ ఆరు రోజుల జీతం ఎంత?" అని అడిగింది. లెక్క వేసుకుని ఊరుకున్నాను. కుర్చీని తిరగవేసి చూపించింది. కింద కొయ్యమీద రెండు పేర్లు చెక్కి ఉన్నాయి. ఒకటి తనది, మరొకటి ఆచారిగారిది.

పెద్దలారా, మన పిల్లలు ఈ దారి పట్టితే అడ్డుకోకండి అని మాత్రమే చెప్పి ముగించను. వారినీ ఒక మాట అడగండి: "నీ వస్తువు చేసినవారి పేరు ఎక్కడ ఉన్నది? వారి కూలి ఎంత?" పల్లె చేతిపనిని నగరానికి తెచ్చి తన పేరు ఒక్కటే రాసుకునే డిజైనరు, పాతసామానువానికి ఉయ్యాలబల్ల అమ్మిన నాకంటే పెద్ద తప్పు చేసినట్టే. నేను పోగొట్టుకున్నది నా సొత్తు. ఆ డిజైనరు దాచిపెట్టేది ఎదుటివారి పేరు.

మరి మనమేమి చేయాలి? ఏడాదికి ఒక్క వస్తువు. పీట కావచ్చు, దీపం కావచ్చు, పసిపిల్లకు బొమ్మ కావచ్చు. చేసినవారి పేరు అడిగి కొనండి. బేరం ఆడేముందు ఎన్ని రోజుల పనో అడగండి. విరిగితే పారవేయక బాగుచేయించండి. ఈ రైలుమార్గంలోనే హిందూపురం, పెనుకొండ దాటితే ధర్మవరం. వేసవి సెలవుల్లో పిల్లలను నిమ్మలకుంటకు తీసుకుపోండి. తోలులోనుండి వెలుతురు ఎట్లా వస్తుందో వారి కళ్ళతో చూడనివ్వండి.

సాయంత్రం తిరిగి పోయేటప్పుడు నాగశిలల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాము. ఈసారి దేవుడికి పెట్టే దండంలో, ఆ రాళ్ళు చెక్కినవారికి కూడా ఒకటి కలుపుదాము.

మీ అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.