బి. ఏ. పట్టము: దాని ప్రయోజనము



మన సంఘమువారి విద్యార్థివేతనములకు వచ్చిన విజ్ఞాపనములను పరిశీలించునపుడు పెద్దలొకరు, బి. ఏ. చదువువానికి ధనమిచ్చుట బూడిదలో పోసిన పన్నీరనిరి. ఆ మాటకు సమాధానము చెప్పుటకే మేమిచట నిలిచితిమి.

చరిత్రయు సాహిత్యమును కూడు పెట్టవనుట కొంత నిజమే. పట్టము చేతికి వచ్చినంతనే ఉద్యోగము వెదకికొని రాదు. కాని సివిల్ సర్వీసు పరీక్షకు ఏ విషయమున పట్టమైనను చాలును. అందు చరిత్ర, రాజ్యాంగము, అర్థశాస్త్రము తప్పవు. 2017వ సంవత్సరపు పరీక్షలో ప్రథమస్థానమందిన దురిశెట్టి అనుదీప్‌గారు ఇంజనీరింగు పట్టభద్రులు. వారెన్నుకొన్న ఐచ్ఛికవిషయము మానవశాస్త్రము. ఇంజనీరు సైతము తుదకు మానవుని చదువవలసివచ్చెను గదా! మూడేండ్ల న్యాయవిద్యకును బి. ఏ. పట్టము ద్వారమే.

సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వశాస్త్రమును చేపట్టుటకు కారణము, బంధువొకరు తాము చదివి ముగించిన పుస్తకములను వారికిచ్చుటయే యని ప్రసిద్ధి. క్రొత్తపుస్తకములు కొనుశక్తి లేని యింటి బిడ్డ మదరాసు క్రైస్తవకళాశాలలో ఆ శాస్త్రమునే చదివి, 1931లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు వైస్‌ఛాన్సలరును, 1962లో రాష్ట్రపతియు నైరి. అట్టి యిండ్లు మనలో నేటికిని కొల్లలు.

కావున దాతలకు మా విన్నపమిది. ఇంజనీరింగునకును వైద్యమునకును ఇచ్చుచున్న వేతనములలో నాలుగవవంతైనను బి. ఏ. విద్యార్థులకు కేటాయింపుడు. అయితే వేతనము కోరువాడు తెలుగునను ఇంగ్లీషునను ఒక్కొక్క లేఖ తప్పులేక వ్రాయగలవాడై యుండవలయును. ఆ పరీక్ష మేమే పెట్టెదము, ఉపేక్షింపము.