మీ స్వింగ్ బాగానే ఉంది, గ్రిప్ కడిగి ఎన్నాళ్లయింది?

ఈ ఎపిసోడ్‌లో స్వింగ్ గురించి చెప్పను, కొత్త డ్రైవర్ గురించీ చెప్పను. ఒక బకెట్, ఒక పాత టూత్ బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్... ఈ మూడింటి గురించే మాట్లాడుకుందాం. నవ్వకండి. ఈ మూడింటి విలువ తెలియక నేను గోల్ఫే మానేద్దామనుకున్నాను.

మీలో కొందరికి తెలుసు, నేను హైదరాబాద్‌లో క్యాడీగా మొదలుపెట్టాను. సార్ల బ్యాగ్ మోయడం, పద్దెనిమిది హోల్స్ వాళ్ల వెంట నడవడం, ప్రతి షాట్ తర్వాత క్లబ్ తుడిచి లోపల పెట్టడం. అదే పని. సోమవారం మెంబర్లకు సెలవు, ఆ రోజు మేం ఆడుకునేవాళ్లం. ఒక సార్ కొత్త సెట్ కొనుక్కుని పాతది నాకిచ్చేశారు. ఆ రాత్రి బ్యాగ్ మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాను. అంత సంతోషం!

కానీ ఆట మాత్రం రాలేదు. ఎంత బలంగా కొట్టినా బంతి కుడివైపుకి వంగిపోయేది. రాత్రిళ్లు ఫోన్‌లో స్వింగ్ వీడియోలు చూసేవాణ్ని. భుజం మార్చాను, నిలబడే తీరు మార్చాను, ఏం లాభం లేదు. ఒక షాపులో అడిగితే గ్రిప్పులన్నీ మార్చెయ్యమన్నారు. పుట్టర్ పక్కన పెట్టినా ఇంకా పదమూడు. అప్పుడు నా దగ్గర అంత డబ్బెక్కడిది?

జూలైలో ఒక సోమవారం. సన్నగా తుంపర, ఒళ్లంతా చెమట. డ్రైవర్ గట్టిగా ఊపాను. అంతే, చేతిలోంచి జారిపోయింది. గిర్రున తిరుగుతూ మా జట్టులో చిన్నోడి తల పక్కనుంచి వెళ్లి వెనకాల పడింది. జానెడు ఇటు వచ్చి ఉంటే? వాడు నవ్వేశాడు. నాకు మాత్రం కాళ్లు వణికాయి. బ్యాగ్ కింద పెట్టేసి, ఇక ఆడనని చెప్పేశాను.

సాయంత్రం మా సీనియర్ అన్న ఒకాయన వచ్చి ఆ డ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు. గ్రిప్ మీద బొటనవేలితో రుద్ది చూసి అన్నాడు: "తమ్మీ, సాబ్‌ల కర్రలు రోజూ తుడుస్తవ్ గదా. నీ కర్ర ఎన్నడన్న కడిగినవా?"

నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా! సార్ల క్లబ్బులు మెరిసేలా తుడిచేవాణ్ని, అదీ తల భాగమే. పట్టుకునే చోటు ఎప్పుడూ చూడలేదు. నా క్లబ్బులైతే అసలు ముట్టుకోలేదు. ఆ రోజు అన్న ముందే కూర్చుని ఒక్క గ్రిప్ కడిగాను. నీళ్లు చాయ్ రంగులోకి మారాయి. ఎన్నేళ్ల చెమటో, ఎవరెవరి చేతి జిడ్డో!

ఇప్పుడు అసలు విషయం. చెమట, సన్‌స్క్రీన్, చేతి నూనె, దుమ్ము... ఇవన్నీ గ్రిప్ మీద ఉండే సన్నని గీతల్లో పేరుకుపోతాయి. రబ్బరు నున్నగా అవుతుంది. జారుతుందని చెయ్యి దానంతటదే గట్టిగా బిగుసుకుంటుంది. మణికట్టు బిగిస్తే క్లబ్ ముఖం సమయానికి తిరగదు, బంతి కుడికి పోతుంది. అమెరికన్ దిగ్గజం శామ్ స్నీడ్ క్లబ్‌ని చిన్న పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోమనేవారు. జిడ్డు గ్రిప్‌తో అలా పట్టుకోండి చూద్దాం, పిట్ట ఎగిరిపోతుంది! నా తప్పు స్వింగ్‌లో కాదు, అరచేతి కింద ఉంది.

సరే, ఎలా కడగాలో చూడండి. బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు, అందులో నాలుగు చుక్కల లిక్విడ్. గ్రిప్‌ని బకెట్‌లో ముంచకండి. ఎందుకంటే, ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తాను, గ్రిప్ చివర ఈ చిన్న రంధ్రం కనిపిస్తోందా? ఇందులోంచి నీళ్లు లోపలికి పోతే స్టీల్ షాఫ్ట్ తుప్పు పడుతుంది. అందుకే రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గ్రిప్ కిందికి వంచి పట్టుకోండి. తడి బ్రష్‌తో మెల్లగా రుద్దండి. బొటనవేళ్లు ఆనే చోట ఇంకాస్త ఎక్కువసేపు.

తర్వాత మంచినీళ్లలో తడిపిన గుడ్డతో సబ్బంతా పోయేదాకా తుడవాలి. ఇది మర్చిపోవద్దు. సబ్బు మిగిలితే చెమట తగలగానే మళ్లీ జారుతుంది. చివరగా పొడి టవల్‌తో అద్ది, రాత్రంతా నీడలో ఆరనివ్వండి. ఎండలో వద్దు, హెయిర్ డ్రయర్ అసలే వద్దు.

చేయకూడనివి కూడా చెప్తాను. పెట్రోల్, థిన్నర్ పెట్టి తుడవకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. స్టీల్ పీచు వాడకండి. మెరవాలని నూనె రాయకండి. ఇంకోటి, మే నెలలో క్లబ్బులు కారు డిక్కీలో వదిలేస్తారు చూడండి, ఆ వేడికి రబ్బరు తొందరగా గట్టిపడుతుంది. ఇంటికి తెచ్చుకోండి.

కడిగాక కూడా నున్నగానే ఉందా? మామూలు రబ్బరు గ్రిప్ అయితే సన్నని గరుకు కాగితంతో తేలిగ్గా ఒకసారి రుద్ది, మళ్లీ కడగండి. మెత్తని పాలీయురెథేన్ గ్రిప్పులకు మాత్రం ఇది చేయొద్దు, పైపొర పోతుంది. పగుళ్లు వచ్చినా, వేలు ఆనే చోట గుంట పడినా, రాయిలా గట్టిపడినా ఇక మార్చాల్సిందే. ఏడాదికోసారి, లేదా 40 రౌండ్లకోసారి మార్చుకోవాలని గోల్ఫ్‌లో వాడుకలో ఉన్న లెక్క. వారానికోసారి ఆడేవాళ్లు నెలకోసారి కడిగితే చాలు. మన ఉక్కపోతలో చెమట ఎక్కువ పట్టేవాళ్లు పదిహేను రోజులకోసారి కడగండి. ఆడేటప్పుడు టవల్‌తో తుడుచుకోవచ్చు, పౌడర్ కూడా వాడుకోవచ్చు. రూల్స్ ఒప్పుకుంటాయి.

మరి నా సంగతి? ఆ వారమంతా రాత్రికి రెండు మూడు చొప్పున కడిగాను. మూడు గ్రిప్పులు ఎంత కడిగినా బాగుపడలేదు, డబ్బు కూడబెట్టి ఆ మూడే మార్పించాను. మిగతావి ఇంకో ఏడాది నడిచాయి. తర్వాతి సోమవారం నేనేమీ ఛాంపియన్ అయిపోలేదు. కానీ బంతి తిన్నగా వెళ్లింది. క్లబ్ చేతిలోనే ఉంది. చిన్నోడు మాత్రం పది అడుగులు దూరంగా నిలబడ్డాడు, వాడి జాగ్రత్త వాడిది!

క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. క్యాడీగానే మొదలైన మునియప్ప 2009లో అదే టోర్నీ గెలిచాడు. కాబట్టి పాత సెట్ అని చిన్నబోకండి. పాతదైనా ఫర్వాలేదు, మురికిగా ఉండకూడదు అంతే.

ఇప్పుడు నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి క్లాసులో బంతి ఇవ్వను, బకెట్ ఇస్తాను. కొందరు మొహం ముడుచుకుంటారు. ఆ నీళ్ల రంగు చూశాక ఎవరూ మాట్లాడరు. ఈ రాత్రి మీరూ ఒక్క క్లబ్ కడిగి చూడండి. రేపు పట్టుకోగానే తేడా మీ చెయ్యే చెప్తుంది. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.